యుద్ధవిమాన సిమ్యులేటర్లలో పైలట్ ఎజెక్షన్

యుద్ధవిమానం నడపడాన్ని కంప్యూటర్ మీద అనుభవంలోకి తెచ్చే సాఫ్ట్‌వేర్‌ను యుద్ధవిమాన సిమ్యులేటర్ అంటారు. విమానం దెబ్బతిని ఇక నిలబడదని తేలినప్పుడు పైలట్ అందులోంచి బయటపడే ఘట్టం దాదాపు ప్రతి సిమ్యులేటర్‌లోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. జెట్ విమానమైతే రాకెట్ అమర్చిన సీటు పైలట్‌ను బయటికి విసిరేస్తుంది. ప్రొపెల్లర్ విమానమైతే పైలట్ కానోపీ తెరిచి దూకుతాడు. మొదటిది ఎజెక్షన్, రెండోది బెయిలవుట్.

ఈ ఘట్టం ఎంత నిజంగా ఉందో చూడాలంటే మూడు సంగతులు విడివిడిగా పరిశీలించాలి. సీటు పనిచేసే తీరు మొదటిది, పైలట్ శరీరం మీద పడే భారం రెండోది, బయటపడ్డాక పైలట్‌కు ఏమవుతుందన్నది మూడోది. మొదటిదాన్ని నేటి సిమ్యులేటర్లు చాలావరకు పట్టుకున్నాయి. రెండోది ఇంటి కంప్యూటర్‌కు అందదు. మూడోదానిలో ఒక్కో సిమ్యులేటర్ ఒక్కో దారి పట్టింది. ఆటగాడు హ్యాండిల్‌ను నిజమైన పైలట్‌లా సమయానికి లాగుతాడా, నేల తాకేదాకా విమానంతో పెనుగులాడతాడా అన్నది ఎక్కువగా ఈ మూడోదాని మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు సీటు కథ

ఎజెక్షన్ సీటు రెండో ప్రపంచ యుద్ధకాలంలో పుట్టింది. విమానాల వేగం పెరిగేకొద్దీ కాక్‌పిట్‌లోంచి చేతుల బలంతో లేచి దూకడం అసాధ్యమైంది. దూకినా తోక తగిలి చనిపోయే ప్రమాదం ఉండేది. జర్మనీలో హైన్కెల్ సంస్థ సంపీడిత గాలితో పనిచేసే సీటును తయారుచేసింది. 1942 జనవరి 13న హైన్కెల్ 280 జెట్‌ను పరీక్షిస్తుండగా మంచు పట్టి నియంత్రణ తప్పడంతో హెల్ముట్ షెంక్ ఆ సీటుతో బయటపడ్డారు. ఆపదలో ఎజెక్షన్ సీటు వాడి ప్రాణం దక్కించుకున్న మొదటి మనిషి ఆయనే.

బ్రిటన్‌లో మార్టిన్-బేకర్ సంస్థ 1946 జులై 24న బెర్నార్డ్ లించ్‌ను గ్లోస్టర్ మీటియర్ విమానం నుంచి ఎజెక్ట్ చేసి తన సీటును పరీక్షించింది. అప్పుడు విమానం గంటకు 320 మైళ్ళ వేగంతో, ఎనిమిది వేల అడుగులకు పైగా ఎత్తులో ఎగురుతోంది. ఆ సంస్థ సీటు మొదటిసారి నిజమైన ఆపదలో అక్కరకొచ్చింది 1949 మే 30న, ఏడబ్ల్యు-52 ప్రయోగ విమానంలో. దాన్ని వాడిన టెస్ట్ పైలట్ జో లాంకాస్టర్.

మార్టిన్-బేకర్ తొలి సీట్లు తుపాకీ మందుగుండు లాంటి కార్ట్రిడ్జితో పేలేవి. ఆ తోపు క్షణంలో ముగిసేది కాబట్టి తక్కువ ఎత్తులో పారాచూట్ విచ్చుకునే వ్యవధి దొరికేది కాదు. దానికి రాకెట్ మోటారును జతచేశాక తోపు మరికొంతసేపు సాగింది, సీటు మరింత ఎత్తుకు చేరింది. 1961లో మార్టిన్-బేకర్ తన రాకెట్ సీటులో మనిషిని కూర్చోబెట్టి నేలమీదే, కదలకుండా ఉన్న స్థితి నుంచి పేల్చి చూసింది. ఎత్తు సున్నా, వేగం సున్నా అయినా ప్రాణం కాపాడగల ఇలాంటి సీట్లను జీరో-జీరో సీట్లంటారు. నేటి యుద్ధవిమానాల్లో ఇవే ప్రమాణం.

రష్యా సీట్లకు పేరు తెచ్చింది జ్వెజ్దా సంస్థ తయారుచేసిన కె-36. 1989 జూన్‌లో ప్యారిస్ వైమానిక ప్రదర్శనలో అనతోలి క్వొచుర్ నడుపుతున్న మిగ్-29, నేలకు దగ్గరగా నెమ్మదిగా విన్యాసం చేస్తుండగా ఒక ఇంజిన్ చెడి ముక్కు కిందికి వాలిపోయింది. విమానం నేలను గుద్దడానికి రెండు మూడు సెకన్ల ముందు ఆయన ఎజెక్ట్ అయ్యారు. పారాచూట్ పూర్తిగా విచ్చుకోకముందే నేలకు తగిలినా స్వల్ప గాయాలతో బతికారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది.

రెండు సెకన్లలో జరిగేది

సిమ్యులేటర్లు దేన్ని అనుకరించాలో తెలియాలంటే ఒక సీటును దగ్గరగా చూడాలి. ఎఫ్-15, ఎఫ్-16, ఎ-10 విమానాల్లో వాడే అమెరికన్ సీటు ఏసెస్-2. ఎఫ్-16లో హ్యాండిల్ పైలట్ కాళ్ళ మధ్య ఉంటుంది. దాన్ని గట్టిగా గుంజితే మొదట కానోపీ ఎగిరిపోతుంది. ఆ వెంటనే సీటు రాకెట్ మండి, సీటు పట్టాల వెంట పైకి దూసుకుపోతుంది. అక్కడి నుంచి పనంతా సీటుదే, పైలట్ చేయవలసింది ఏమీ లేదు.

సీటులోని సెన్సార్లు గాలి వేగాన్నీ ఎత్తునూ కొలిచి మూడు పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకుంటాయి. సుమారు 250 నాట్లకు లోపు వేగం, 15,000 అడుగులకు లోపు ఎత్తు అయితే మొదటి పద్ధతి. ఇందులో సీటు బయలుదేరిన 0.2 సెకనుకే పారాచూట్ బయటికి వస్తుంది, అరసెకను లోపే మనిషి సీటు నుంచి విడిపోతాడు, సుమారు 1.8 సెకన్లకు పారాచూట్ నిండుగా విచ్చుకుంటుంది. వేగం అంతకంటే ఎక్కువైతే రెండో పద్ధతి. అంత గాలిలో పారాచూట్‌ను వెంటనే తెరిస్తే అది చిరిగిపోతుంది, మనిషికీ దెబ్బ తగులుతుంది. అందుకని ముందు డ్రోగ్ అనే చిన్న పారాచూట్ సీటును నిలకడపరచి వేగం తగ్గిస్తుంది. పెద్ద పారాచూట్ విచ్చుకునేసరికి దాదాపు ఇంకో సెకను పడుతుంది. 15,000 అడుగులకు పైన మూడో పద్ధతి అమలవుతుంది. ప్రాణవాయువు పలచగా ఉండి చలి కొరికే ఆ ఎత్తులో పారాచూట్ తెరిస్తే మనిషి చాలాసేపు అక్కడే వేలాడాలి. అందుకే సీటు డ్రోగ్‌తోనే కిందికి జారి, తక్కువ ఎత్తుకు చేరాకే మనిషిని వదులుతుంది.

కానోపీని తొలగించే పద్ధతి విమానాన్ని బట్టి మారుతుంది. ఎఫ్-16లో అది మొత్తంగా ఎగిరిపోతుంది. హ్యారియర్, హాక్ వంటి విమానాల్లో కానోపీకి అంటించిన సన్నటి పేలుడు తీగ దాన్ని ముక్కలు చేస్తే సీటు ఆ సందులోంచి బయటికి వస్తుంది. మిగ్-21 తొలి రకాల్లో కానోపీ గాలి దెబ్బకు కవచంలా పైలట్‌తోపాటే ఎగిరేది. ఎఫ్-104 తొలి రకాల్లో సీటు పైకి కాకుండా కిందికి దూసుకుపోయేది కాబట్టి నేలకు దగ్గరగా ఉన్నప్పుడు అది ప్రాణాంతకమయ్యేది.

ఎప్పుడు లాగాలి

జీరో-జీరో సీటు ఉన్నంత మాత్రాన ఏ స్థితిలోనైనా ప్రాణం దక్కుతుందనుకోవడం పొరపాటు. విమానం నిలకడగా, నిటారుగా ఉన్నప్పుడే ఆ మాట చెల్లుతుంది. నిమిషానికి 10,000 అడుగుల చొప్పున పడిపోతున్న విమానం సెకనుకు 165 అడుగులకు పైగా దిగిపోతుంది. పారాచూట్ విచ్చుకునే 1.8 సెకన్లలో దాదాపు 300 అడుగులు పోతాయి. సీటు పైకి నెట్టే వేగం అందులో కొంతే వెనక్కి ఇవ్వగలదు. విమానం తలకిందులుగా ఉంటే ఆ తోపు నేలవైపే పనిచేస్తుంది. ఇంతటి లెక్క వేసుకునే తీరిక పైలట్‌కు ఉండదు కనుక విమానం మాన్యువల్‌లోనే అంకెలు రాసి పెడతారు. ఎఫ్-16 విషయంలో విమానం అదుపులో ఉంటే నేల నుంచి 2,000 అడుగుల లోపు దిగకముందే, అదుపు తప్పితే 6,000 అడుగుల లోపు దిగకముందే ఎజెక్ట్ కావాలని సూచన.

ఎజెక్షన్ విఫలమై పైలట్లు చనిపోయిన ఘటనల్లో సీటు చెడిపోవడం కంటే హ్యాండిల్ ఆలస్యంగా లాగడమే పెద్ద కారణమని వైమానిక దళాల అనుభవం. విమానాన్ని కాపాడుకోగలనన్న ఆశ, జనావాసాల మీద పడనివ్వకూడదన్న ఆత్రం, ఇంకో సెకను చూద్దామన్న తాత్సారం ఇందుకు దారితీస్తాయి. ఎజెక్షన్‌ను అనుకరించే ఏ సిమ్యులేటర్‌కైనా అసలు పరీక్ష ఈ సెకన్లే.

తొలి సిమ్యులేటర్లు

1980ల నాటి ఇంటి కంప్యూటర్లకు సీటును కదిలే వస్తువుగా గీసే శక్తి లేదు. ఒక మీట నొక్కితే ఒక బొమ్మ కనపడేది, ఆట ముగిసేది. అయినా కొన్ని ఆటలు బయటపడటానికి ఒక పర్యవసానాన్ని జతచేశాయి. 1988లో మైక్రోప్రోస్ విడుదల చేసిన ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్‌లో పైలట్ల జాబితా ఉండేది. ఒక్కో పేరుకు ఒక్కో వృత్తి జీవితం, పతకాలు నమోదయ్యేవి. చనిపోయిన పైలట్‌తో మళ్ళీ ఎగరడం కుదరదు. 1990లో డైనమిక్స్ సంస్థ తెచ్చిన రెడ్ బారన్‌ది మొదటి ప్రపంచ యుద్ధ నేపథ్యం. అందులో శత్రు భూభాగంలో దిగిన ఆటగాడు బందీ అయ్యేవాడు. తప్పించుకుని వస్తే వృత్తి జీవితం కొనసాగేది.

1998లో వచ్చిన ఫాల్కన్ 4.0 ఈ దారిలో పెద్ద అడుగు. కొరియా ద్వీపకల్పంలో నడిచే దాని యుద్ధం ఆటగాడు ఎగిరినా ఎగరకపోయినా సాగుతూనే ఉంటుంది. స్క్వాడ్రన్‌లో విమానాలూ పైలట్లూ లెక్కకు ఇంతే ఉంటారు. కూలిన విమానం లెక్కలోంచి పోతుంది, ఎజెక్ట్ అయిన పైలట్ రక్షింపబడ్డాడా, గల్లంతయ్యాడా, మరణించాడా అన్నది యుద్ధ నివేదికలో చేరుతుంది. దాన్ని తయారుచేసిన సంస్థ ప్రాజెక్టును వదిలేశాక ఔత్సాహికులు దాన్ని ఫాల్కన్ బీఎంఎస్ పేరుతో దశాబ్దాలుగా మెరుగుపరుస్తూ వస్తున్నారు.

విమానాల కోవకు చెందకపోయినా ఇక్కడ చెప్పుకోదగ్గ ఆట ఒకటుంది. 2002లో కాప్‌కామ్ తెచ్చిన స్టీల్ బెటాలియన్‌లో ఆటగాడు నడిపేది నడిచే యుద్ధయంత్రాన్ని. దానితో వచ్చే భారీ కంట్రోలర్ మీద మూత కింద ఎజెక్ట్ బటన్ ఉంటుంది. యంత్రం పేలేలోగా మూత తీసి ఆ బటన్ నొక్కకపోతే ఆటగాడు దాచుకున్న ఆట మొత్తం చెరిగిపోతుంది. సీటు భౌతికశాస్త్రం ఇందులో శూన్యం. కానీ ఎజెక్ట్ బటన్‌ను ఇంత భయంగా చూసుకునేలా చేసిన ఆట అరుదు.

కీబోర్డు నుంచి హ్యాండిల్ దాకా

చాలా సిమ్యులేటర్లలో ఎజెక్షన్‌కు కంట్రోల్, ఇ మీటలు కలిపి నొక్కాలి. పొరపాటున చెయ్యి తగిలితే విమానం పోతుంది కనుక ఒక రక్షణ కూడా పెడతారు. ఫాల్కన్‌లో మీటలను కాసేపు అదిమిపట్టి ఉంచాలి. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌లో మూడుసార్లు నొక్కాలి. నిజమైన హ్యాండిల్‌ను లాగడానికి కావలసిన బలానికి ఇవి ప్రత్యామ్నాయాలు. అయితే బలం కావలసిన పనికీ గుర్తుంచుకుని చేయవలసిన పనికీ తేడా ఉంది. విమానం గిరగిరా తిరుగుతుంటే జాయ్‌స్టిక్ వదిలి కీబోర్డు మీద మీటలు వెతుక్కోవడం నిజమైన కాక్‌పిట్‌లో ఉండని చిక్కు. ఇక్కడ సిమ్యులేటర్ అసలుకంటే కష్టంగా ఉంటుంది.

ఇంట్లోనే కాక్‌పిట్ కట్టుకునే ఔత్సాహికులు ఈ చిక్కును వదిలించుకోవడానికి పసుపు, నలుపు చారల హ్యాండిల్‌ను కుర్చీకి బిగించి దాని కింద స్విచ్ పెట్టుకుంటారు. వర్చువల్ రియాలిటీ మరో దారి చూపింది. 2017లో విడుదలైన వీటాల్ వీఆర్‌లో ఆటగాడు కంట్రోలర్ పట్టుకున్న చెయ్యిని కిందికి చాచి, తెర మీది హ్యాండిల్‌ను పట్టుకుని లాగాలి. చెయ్యి కదిలే దూరం, చూపు తిప్పాల్సిన అవసరం, దానికి పట్టే సమయం అసలుకు దగ్గరగా వస్తాయి.

సీటును సిద్ధం చేయడం మరో అంశం. నేలమీద ఉన్న విమానంలో సీటు పేలకుండా ఎర్ర జెండా కట్టిన పిన్నులు గుచ్చి ఉంచుతారు. పైలట్ కూర్చున్నాక వాటిని తీస్తారు, టేకాఫ్‌కు ముందు సీటు మీటను ఆర్మ్ స్థితికి తెస్తారు. ఫాల్కన్ బీఎంఎస్‌లోనూ, డీసీఎస్‌లోని ఎఫ్-16, ఎఫ్/ఎ-18 వంటి విమానాల్లోనూ ఈ మీట కాక్‌పిట్‌లో కదులుతుంది, టేకాఫ్ ముందు చెక్‌లిస్టులో దానికి స్థానం ఉంది. ఆ వరస పాటించేవారికి ఎజెక్షన్ ఆపదలో హఠాత్తుగా గుర్తొచ్చే మీట కాదు, ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి మనసులో ఉండే పని.

సీటు, కానోపీ, గాలి

ఎజెక్ట్ మీట నొక్కగానే సిమ్యులేటర్ ఒక వస్తువును రెండు చేస్తుంది. పైలట్ లేని విమానం తన దారిన తాను పడిపోతుంది. సీటూ పైలట్ కలిసి వేరే వస్తువుగా విడిపోయి, విమానం వేగాన్ని వారసత్వంగా తీసుకుని, రాకెట్ తోపుతో, గాలి నిరోధంతో, గురుత్వాకర్షణతో ప్రయాణిస్తాయి. విమానం ఏ వైపు వాలి ఉంటే సీటు ఆ దిశలో పోవడం, నేలకు మరీ దగ్గరైతే పారాచూట్ విచ్చుకోకముందే పైలట్ చనిపోవడం మంచి సిమ్యులేటర్లలో ఈ లెక్కల నుంచే వస్తాయి. డీసీఎస్ వరల్డ్‌లో బయట కెమెరా నుంచి చూస్తే కానోపీ ఎగరడం, సీటు వెలువడటం, పారాచూట్ తెరుచుకోవడం వరసగా కనిపిస్తాయి.

వదిలేసేవి కూడా ఉన్నాయి. ఎగిరిన కానోపీని చాలా ఆటలు అలంకారంగానే చూస్తాయి. అది పైలట్‌ను తాకే అవకాశాన్ని లెక్కించవు. ఎఫ్-14లో ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. ఆ విమానం ఫ్లాట్ స్పిన్‌లో పడితే, అంటే దాదాపు బల్లపరుపుగా ఉండి చక్రంలా తిరుగుతూ పడిపోతుంటే, ముందుకు వెళ్ళే వేగం ఉండదు కాబట్టి ఊడిన కానోపీ వెనక్కి కొట్టుకుపోదు. విమానం పైనే తేలుతూ ఉండిపోవచ్చు. 1986 నాటి టాప్ గన్ సినిమాలో గూస్ పాత్ర చనిపోయేది ఇలాగే. అందుకే ఎఫ్-14 మాన్యువల్ ఫ్లాట్ స్పిన్‌లో ముందు కానోపీని విడిగా వదిలించుకుని ఆ తరువాత ఎజెక్ట్ కావాలని చెబుతుంది. సినిమా చూసిన ఆటగాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. దాన్ని అమలుచేయాలంటే కానోపీ కూడా గాలిలో తన లెక్కన తాను కదిలే వస్తువు కావాలి.

ఇద్దరుండే విమానాలు

రెండు సీట్ల విమానంలో ఇద్దరి నిర్ణయం ముడిపడి ఉంటుంది. ఎఫ్-14 వెనక సీటులో ఒక మీట ఉంటుంది. అది పైలట్ స్థితిలో ఉంటే వెనకనున్న అధికారి హ్యాండిల్ లాగినప్పుడు ఆయన ఒక్కరే బయటికి వెళతారు. రెండో స్థితిలో పెడితే ఆయన లాగినా ఇద్దరూ వెళతారు. ముందున్న పైలట్ లాగితే మాత్రం ఎప్పుడూ ఇద్దరూ వెళ్ళవలసిందే. వెనక సీటే ముందు పేలుతుంది. ముందు సీటు ముందే పేలితే దాని రాకెట్ మంట వెనకున్నవారిని కాల్చేస్తుంది.

2019లో హీట్‌బ్లర్ సంస్థ డీసీఎస్ కోసం చేసిన ఎఫ్-14లో ఈ మీట కూడా ఉంది. వెనక సీటులో జెస్టర్ అనే కృత్రిమ సహచరుడు గానీ, ఆన్‌లైన్‌లో మరో మనిషి గానీ కూర్చోవచ్చు. మనిషి కూర్చున్నప్పుడు ఎజెక్షన్ ఒక మీట స్థాయి దాటి సంభాషణ అవుతుంది. ఎవరు చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి, మీట ఏ స్థితిలో ఉంచాలి అన్నవి నిజమైన సిబ్బంది లాగే ఎగరకముందే మాట్లాడుకోవాల్సి వస్తుంది.

హెలికాప్టర్లు, పాత విమానాలు

తల మీద రెక్కలు తిరిగే హెలికాప్టర్‌లో సీటును పైకి పేల్చడం ఆత్మహత్యే. రష్యాకు చెందిన కా-50 దీనికి పరిష్కారం చూపింది. హ్యాండిల్ లాగగానే ముందు పేలుడు పదార్థాలు రోటర్ బ్లేడ్లను తెంపేస్తాయి, ఆ తరువాతే సీటు పైలట్‌ను లాక్కుపోతుంది. 2008లో వచ్చిన డీసీఎస్ బ్లాక్ షార్క్‌లో ఆటగాళ్ళు ఈ వరసను చూడవచ్చు. ఇంత అరుదైన యంత్రాంగాన్ని జనానికి పరిచయం చేయడంలో సిమ్యులేటర్ పాత్రే ఎక్కువ. మిగతా యుద్ధ హెలికాప్టర్లలో దాదాపు అన్నింటిలోనూ సిబ్బందికి ఎజెక్షన్ ఉండదు. ఇంజిన్ ఆగినా గాలికి రోటర్ తిరుగుతుండగా జాగ్రత్తగా దించడమే వారికి దిక్కు.

రెండో ప్రపంచ యుద్ధ విమానాల్లో సమస్య వేరు. పైలట్ పట్టీలు విప్పుకుని, కానోపీ వెనక్కి లాగి లేదా వదిలించి, గాలికి ఎదురుగా లేచి దూకాలి. విమానం వేగంగా తిరుగుతుంటే ఒంటి బరువే పెరిగి సీటుకు అతుక్కుపోతాడు. ఐఎల్-2 స్టుర్మోవిక్ అనే సిమ్యులేటర్ 2001 నుంచీ ఈ ఘట్టాన్ని చూపిస్తోంది. దూకిన పైలట్ తోకను గుద్దుకునే అవకాశం ఆ సిరీస్ ఆటగాళ్ళకు బాగా తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధ సిమ్యులేటర్లకు చరిత్రే అడ్డం వస్తుంది. 1918లో జర్మన్ పైలట్లకు హైనెకె పారాచూట్లు అందాయి. బ్రిటిష్ పైలట్లకు యుద్ధం ముగిసేదాకా అందలేదు. ఆ కాలపు ఆటలో అందరికీ పారాచూట్ ఇస్తే ఆట సులువవుతుంది, చరిత్ర తప్పవుతుంది.

శరీరం

ఎజెక్షన్‌లో పైలట్ మీద క్షణకాలం 14 నుంచి 20 జీల దాకా భారం పడుతుంది. అంటే 70 కిలోల మనిషి వెన్ను మీద ఒక టన్నుకు పైగా బరువు మోపినట్టు. వెన్నుపూసలు నలిగి విరగడం ఎజెక్షన్ గాయాల్లో బాగా తెలిసినది. తల వెనక్కి ఆనించి, వెన్ను నిటారుగా పెట్టుకుని హ్యాండిల్ లాగమని నేర్పేది ఇందుకే. చాలా సీట్లలో కాళ్ళను వెనక్కి లాగి బంధించే పట్టీలు ఉంటాయి.

తరువాత గాలి. సముద్రమట్టంలో 250 నాట్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను. 600 నాట్ల దగ్గర అది సుమారు ఆరు టన్నులు. వేగం రెండున్నర రెట్లయినా కాకుండానే ఒత్తిడి ఆరు రెట్లకు చేరువవుతుంది. చేతులు, కాళ్ళు విదిలించుకుపోయి కీళ్ళు తప్పుతాయి. వీలుంటే ఎజెక్షన్‌కు ముందు ముక్కు పైకెత్తి వేగం తగ్గించుకోమని పైలట్లకు చెప్పేది ఈ లెక్క వల్లే. ముక్కు ఎత్తితే ఎత్తు కూడా కలిసొస్తుంది.

ఇవేవీ ఇంటి కుర్చీలో అనుభవంలోకి రావు. సిమ్యులేటర్లు తెరను కుదిపి, చూపును నల్లబరచి, గాలి హోరు వినిపించి సరిపెట్టుకుంటాయి. ఐఎల్-2 కొత్త సిరీస్ 2019లో పైలట్ శరీరధర్మ నమూనాను మెరుగుపరిచింది. అధిక జీలు భరించిన పైలట్ అలసిపోవడం అందులో లెక్కకొచ్చింది. అయితే ఎజెక్షన్ గాయాన్ని, దాని తాలూకు నెలల విశ్రాంతిని, మళ్ళీ ఫైటర్ ఎక్కలేకపోవడాన్ని నమూనాగా పెట్టుకున్న ఆటలు అరుదు. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్-27 ఇంజిన్ ఆగిపోవడంతో ఎజెక్ట్ అయిన కంభంపాటి నచికేత పాకిస్తాన్ సైన్యానికి చిక్కి, వారం రోజుల తరువాత విడుదలయ్యారు. వెన్ను గాయం వల్ల ఆ తరువాత ఫైటర్లు వదిలి రవాణా విమానాలు నడిపారు. ఇలాంటి ఫలితాన్ని చూపడానికి గొప్ప గ్రాఫిక్స్ అక్కర్లేదు. వృత్తి జీవితం నమోదయ్యే పుస్తకంలో ఒక గడి చాలు.

నేలకు దిగాక

పారాచూట్ విచ్చుకోవడంతో ఘట్టం ముగియదని చెప్పే ఉదాహరణ 2019 ఫిబ్రవరి 27. ఆ రోజు మిగ్-21 బైసన్ నుంచి ఎజెక్ట్ అయిన భారత పైలట్ అభినందన్ వర్ధమాన్ నియంత్రణ రేఖకు అవతల దిగారు, పాకిస్తాన్ సైన్యానికి బందీ అయ్యారు, మార్చి 1న వాఘా మీదుగా తిరిగొచ్చారు. గాలి ఎటు వీస్తోంది, ఎవరి నేల మీద దిగుతాం అన్నవి ప్రాణంతో సమానమైన ప్రశ్నలు.

సిమ్యులేటర్లలో దీనికి మూడు రకాల సమాధానాలు కనిపిస్తాయి. కొన్నింటిలో ఆట అక్కడే ఆగిపోతుంది, మళ్ళీ మొదలుపెట్టడమే. డీసీఎస్ లాంటివాటిలో ఆటగాడి లాగ్‌బుక్‌లో ఎజెక్షన్లు, మరణాలు లెక్కగా మిగులుతాయి. కావాలంటే మరణం వర్తించకుండా సెట్టింగ్ మార్చుకోవచ్చు. ఫాల్కన్ లాంటివాటిలో దిగిన చోటు యుద్ధం మీద ప్రభావం చూపుతుంది. నాలుగో దారి ఆటగాళ్ళే వేసుకున్నారు. డీసీఎస్ మల్టీప్లేయర్ సర్వర్లలో కొందరు రాసిన స్క్రిప్టుల వల్ల ఎజెక్ట్ అయిన పైలట్ రేడియో సంకేతం ఇస్తూ నేల మీద ఎదురుచూస్తాడు. మరో ఆటగాడు హెలికాప్టర్‌లో వెళ్ళి, దాన్ని దించి, పైలట్‌ను ఎక్కించుకుని వెనక్కి తేవాలి. ఒకరి ఓటమి ఇంకొకరికి పనవుతుంది. చాలా సర్వర్లలో హెలికాప్టర్ నడిపేవారికి ఇదొక ప్రధాన ఆకర్షణ.

ఆన్‌లైన్ పోరాటాల్లో మర్యాద

పాయింట్ల కోసం ఆడే ఆటల్లో ఎజెక్షన్ అర్థం మారిపోతుంది. వార్ థండర్‌లో జె మీట కాసేపు నొక్కిపట్టి ఉంచితే పైలట్ దూకేస్తాడు. విమానం బాగా దెబ్బతిన్నవారు త్వరగా తరువాతి ఆటకు వెళ్ళడానికి దాన్ని వాడతారు. శత్రువుకు విజయం దక్కకూడదని దూకేవారూ ఉన్నారు. అందుకే విమానాన్ని దెబ్బతీసినవారికే ఆ విజయాన్ని జమకట్టే నియమం పెట్టాల్సి వచ్చింది. నిజమైన పైలట్ ఆలస్యంగా దూకుతాడు, ఆటగాడు అవసరానికి ముందే దూకుతాడు. రెండు తప్పులకూ మూలం దూకినందుకు చెల్లించే మూల్యంలో ఉంది.

పారాచూట్ మీద వేలాడుతున్న పైలట్‌ను కాల్చడం మరో వివాదం. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 42వ అధికరణం, ఆపదలో ఉన్న విమానం నుంచి పారాచూట్‌తో దిగుతున్నవారి మీద దాడిని నిషేధిస్తుంది. దాడి కోసం దిగే పారాట్రూపర్లకు ఈ రక్షణ లేదు. చాలా సిమ్యులేటర్ సర్వర్లు ఇదే నియమాన్ని తమ నిబంధనల్లో రాసుకున్నాయి. ఉల్లంఘించినవారిని నిర్వాహకులు సర్వర్ నుంచి బయటికి పంపేస్తారు.

వైమానిక దళాల సిమ్యులేటర్లు

వైమానిక దళాలు వాడే కోట్ల రూపాయల సిమ్యులేటర్లలో కూడా సీటు పేలదు. హ్యాండిల్ లాగగానే దృశ్యం ఆగిపోతుంది. ఆ క్షణానికి ఎత్తు, వేగం, వాలు ఎంత ఉన్నాయో నమోదవుతుంది. సరైన సమయానికి లాగాడా లేదా అని శిక్షకుడు చర్చిస్తాడు. ఒంటికి అనుభవం కావాలంటే వేరే యంత్రం ఉంది. ఎత్తయిన స్తంభం మీద పట్టాల వెంట సీటును తక్కువ శక్తితో పైకి విసిరి, కూర్చునే భంగిమను అలవాటు చేయిస్తారు.

తెలంగాణలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణకు వాడే పిలాటస్ పీసీ-7 మార్క్-2 ప్రొపెల్లర్ విమానమే అయినా దానిలో మార్టిన్-బేకర్ ఎజెక్షన్ సీట్లున్నాయి. హకీంపేటలో ఏళ్ళ తరబడి శిక్షణకు వాడిన కిరణ్ జెట్‌లోనూ అదే సంస్థ సీట్లు. క్యాడెట్ తొలిసారి విమానం ఎక్కేలోగా పిన్నులు, పట్టీలు, హ్యాండిల్ డ్రిల్ నోటికి వచ్చి ఉండాలి. వైమానిక దళం దృష్టిలో ఎజెక్షన్ శిక్షణంటే ముందుగా నిర్ణయించుకున్న అంకె దగ్గర చెయ్యి దానంతటదే హ్యాండిల్ మీదికి వెళ్ళడం.

అంచనా

ఇంటి సిమ్యులేటర్ ఆ అలవాటును నేర్పగలదా అన్నదే వాస్తవికతకు సరైన కొలమానం. సీటు ఎగిరే దృశ్యం ఎంత అందంగా ఉన్నా, చనిపోతే ఒక మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టగలిగిన ఆటగాడు 6,000 అడుగుల గీతను పట్టించుకోడు. పోయేదేమీ లేదు కనుక విమానాన్ని కాపాడే ప్రయత్నం నేల తగిలేదాకా సాగుతుంది. దృశ్యం సాదాసీదాగా ఉన్నా పైలట్ పేరు, స్క్వాడ్రన్ లెక్క, రక్షించడానికి రావాల్సిన సహచరుడు ఉన్న ఆటలో అదే ఆటగాడు ఆల్టిమీటర్ మీద కన్నేసి ఉంచుతాడు.

ఎజెక్షన్ విషయంలో సిమ్యులేటర్లు ఇంకా ముందుకు పోవాలంటే చేయవలసిన పని ఎక్కువగా నియమాల్లోనే ఉంది. వేగాన్ని బట్టి గాయం తీవ్రత మారడం, గాయపడిన పైలట్ కొన్ని మిషన్లకు దూరంగా ఉండడం, దిగిన చోటును బట్టి బందీ కావడం, ఎగిరిన కానోపీ తన దారిన తాను కదలడం వంటివి నేటి కంప్యూటర్లకు బరువైన లెక్కలు కావు. వెన్ను మీద పడే 20 జీల దెబ్బను ఏ ఆటా తేలేదు. ఆ దెబ్బ తినడానికి ఏ ఎత్తు దగ్గర ఒప్పుకోవాలో మాత్రం బాగా రూపొందించిన ఆట నేర్పగలదు.